లైను తెగితే

మొదటి రోజు నేనడిగే మొదటి మాట
బాధ గురించి కాదు.
లైను తెగితే ఎవరికి ఫోన్ చెయ్యమంటారు?
ఒక పేరు, ఒక నంబరు,
ఆసుపత్రి ఎంత దూరం, మధ్యలో రేవు దాటాలా,
ఇవన్నీ రాసుకున్నాకే
ఎలా ఉన్నారు అంటాను.

పాలకొల్లులో మేడమీద గది నాది.
కింద టైలరు మిషను, వెనక కాలవ నిండా గుర్రపుడెక్క.
కెమెరా కళ్లకి సమంగా రావాలని
లాప్‌టాప్ కింద బోర్లించిన కుంచం.

నర్సాపురం నుంచి ఒకావిడ కెమెరా తియ్యదు.
లేసు అల్లుతూనే మాట్లాడుతుంది.
దారం లాగే చప్పుడు ఆగిందంటే
ఏడుస్తోందని గుర్తు.
రొయ్యల చెరువు కాపలా కుర్రాడు
ఏరేటర్ల హోరు పక్కకి నడిచొచ్చి ఫోనెత్తుతాడు.
అక్కడైతేనే ఎవరికీ వినపడదట.
నాకూ సగమే వినపడుతుంది.
మిగతా సగం టైపు చేస్తాడు,
తప్పుల తడకగా, ధైర్యంగా.

దొరబాబు మాత్రం ఆ మొదటి ప్రశ్న దగ్గరే ఆగిపోయాడు.
తెర నిండా గడ్డం, వెనక కొబ్బరి మట్టల దడి.
"తెగితేనా అండి..."
చాలాసేపటికి చెల్లెలి నంబరిచ్చాడు.
దడి అవతలే ఇల్లు.

మూడోవారం చెప్పాడు.
తనొక చెట్టు మీద, పక్క చెట్టు మీద బావ.
బావ మోకు తెగింది.
"గెల పడిందనుకున్నానండి.
దిగకుండా ఇంకో రెండు గెలలు కోశాను."

నీ తప్పు కాదు అన్న మాట
నా నాలిక చివరిదాకా వచ్చింది. మింగేశాను.
లంకంతా ఆ మాట చెప్పే ఉంటుంది,
అతని చెవి గుమ్మంలోనే అది ఎండిపోయి ఉంటుంది.
"రెండు గెలలు" అన్నాను.
"ఆయ్. రెండు."

పాదాలు నేలకి ఆనించమన్నాను. ఏం తగుల్తోంది?
ఇసకండి.
ఎలా ఉంది?
తడిగా ఉందండి. నిన్న వానొచ్చింది.
అయిదు నెలల తర్వాత
అతని నోట నిన్న అన్న మాట వినడం అదే.

"కాయితం తెచ్చుకోండి."
"పెన్ను లేదండి."
"అయితే వేళ్ల మీద."
చిటికెన వేలికి, చెట్టువైపు చూడ్డం.
ఉంగరం వేలికి, చెయ్యి ఆనించడం.
మధ్యవేలికి, మోకు వేసుకుని కిందే నిలబడ్డం.
చూపుడువేలికి ఒక నిలువెత్తు. అంతే.
"బొటనవేలికేంటండి?"
"అది మీరే చెప్పాలి."

నాలుగు వేళ్లకి మూడు నెలలు పట్టింది.
ఫోను గోడకి ఆనించి వెళ్లేవాడు,
నాకు అతని వీపు, మొద్దు చుట్టూ రెండు చేతులు.
భయం పదికి ఎంత?
ఎనిమిదండి.
ఆగుదాం.
ఏడండి.
ఇంకాస్త ఆగుదాం.
నడుమ గోదారి పొంగి వారంరోజులు లంకలో సిగ్నలే లేదు.
నీళ్లు తీశాక ఉంగరం వేలి దగ్గర్నించి మళ్లీ మొదలెట్టాం.

నిన్న సాయంత్రం బొటనవేలు ఎత్తి చూపించాడు.
"చెల్లికి ఆ రెండు గెలల సంగతి..."
బొమ్మ గడ్డకట్టింది.
వేలు అలాగే, నోరు సగం తెరిచి.

ఒప్పుకున్న ప్రకారం అయిదు నిమిషాలు ఆగాను.
కింద మిషను ఒక చొక్కా చెయ్యి కుట్టి ఆగింది.
పదికి ఎంత, అని నన్నెవరూ అడగలేదు.
ఆరో నిమిషం, రాసుకున్న నంబరు.

ఎత్తింది చెల్లెలే.
నేనెవరో చెప్పకముందే గొంతు తగ్గించి
"ఒక్క నిమిషం మేడమ్,
అన్నయ్య ఏదో చెబుతున్నాడు" అంది.

ఆవిడ ఫోను పెట్టెయ్యలేదు.
నేనే పెట్టేశాను.